జనరేటర్ పక్కన చుక్క

"ఎవర్ని చూస్తున్నారు?"

"అందర్నీ."

"అందర్నీనా!"

ఆ గొంతుకి అతను ఉలిక్కిపడి తలెత్తాడు. ఎదురుగా తెల్ల కోటు, నడుం మీద రెండు చేతులు, పైన ఒక ముఖం. ముఖం బాగుంది. అందులో తన మీద ఉన్న అభిప్రాయమే బాగోలేదు.

"అంటే ఒకరిద్దరితో సరిపెట్టుకునే రకం కాదన్నమాట."

"అది కాదండీ, నా పనే చూడ్డం. ఎవరు ఎటు నడుస్తున్నారు, ఎక్కడ ఆగుతున్నారు, ఎక్కడ కూర్చుంటున్నారు..."

"ఆడవాళ్ళు కూడానా?"

"ఆడవాళ్ళు కూడా నడుస్తారు కదండీ."

అది తప్పు జవాబు. అన్న మరుక్షణమే అతనికీ తెలిసింది. కానీ అప్పటికే ఆమె సెక్యూరిటీ గార్డుని కేకేసింది. ఒక చేతిలో పెద్ద నల్ల గొడుగు, రెండో చేతిలో అట్ట, అట్ట మీద కాగితం, చెవి మీద పెన్సిలు. ఆ అవతారంతోనే అతను సూపరింటెండెంట్ గదిలోకి ఊరేగాడు.

సూపరింటెండెంట్ కళ్ళజోడు పైకి నెట్టి ముగ్గుర్నీ చూసింది.

"ఇతన్ని పెరట్లో కూర్చోమన్నది నేనే."

తెల్ల కోటు నోరు తెరిచింది. "మీరా? ఎందుకత్తయ్యా?"

"ఇక్కడ అత్తయ్య కాదు, మేడమ్."

ఆవిడ ఆ అమ్మాయికి స్వయానా మేనత్త. ఆస్పత్రి గేటు లోపల మాత్రం ఆ వరస చెల్లదు. ఆ అమ్మాయి అక్కడ ఫిజియోథెరపిస్టు. ఆపరేషన్లయి మంచాలకి అలవాటు పడ్డ కాళ్ళకి మళ్ళీ నడక నేర్పుతుంది. ఎంత బతిమాలినా ఇంకో రౌండు నడిపించకుండా వదలదు కాబట్టి, పేషంట్లు ఆమెకి 'డ్రిల్లు' అని పేరు పెట్టారు.

"వెనక పెరడు ఖాళీగా ఉంది," అంది సూపరింటెండెంట్. "మన అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్ ఏవో గారు కార్ల పార్కింగ్ చేద్దామంటున్నారు. ఈ అబ్బాయి వాళ్ళ ఆఫీసు, పేషంట్లు తిరిగే చోటు చేద్దామంటోంది. నెలాఖరున కమిటీ. ఎవరు ఒప్పిస్తే పెరడు వాళ్ళది. ఇంక వెళ్ళండి, నాకు పనుంది."

బయటికి రాగానే డ్రిల్లు ఆగింది.

"సారీ. ఈ పూట పెరటి పక్క కారిడార్‌లో నడుస్తున్న నా పేషంట్లందరూ ఆడవాళ్ళే. అందుకని..."

"పర్లేదండీ. ఊరేగింపు బాగా జరిగింది."

ఆమె నవ్వు ఆపుకుంది. "మీరు ఆ పెరడు గెలిస్తే నాకు మేలు. వాళ్ళని ఎప్పుడూ కారిడార్‌లోనే తిప్పుతున్నాను. గోడలు చూసీ చూసీ వాళ్ళకి నడకంటేనే విసుగొచ్చింది."

"గెలుస్తాను," అన్నాడతను.

ఆ మాట అనడానికి అతని దగ్గర ఒక్క కారణమూ లేదు. నమ్మకం మాత్రం చాలా ఉంది.

* * *

అంతకు ముందు అతను అపార్ట్‌మెంట్లు గీసేవాడు. గీసిన గదుల్లో తనకే ఊపిరాడక, ఆ ఉద్యోగం మానేసి తోటలూ పార్కులూ డిజైన్ చేసే ఆఫీసులో చేరాడు. చేరినరోజే వాళ్ళ సార్ చెప్పాడు: "గోడలు బాగా గీస్తావు. గోడల మధ్యలో మనుషులుంటారన్న సంగతి ఇక్కడ నేర్చుకో."

ఈ పెరడు అతని మొదటి సొంత పని. గెలిస్తే పేరు పక్కన 'ట్రైనీ' అన్న మాట పోతుంది. ఓడితే మళ్ళీ పక్కవాళ్ళ గీతలకి రంగులు వేయడమే.

అతను మొదటి ప్లాన్ గీసి, నేరుగా ఫిజియోథెరపీ గదికి తీసుకొచ్చాడు. మధ్యలో గుండ్రటి ఫౌంటెన్. దాని చుట్టూ పువ్వు రేకుల్లా దారులు. దారుల నిండా తెల్ల గులకరాళ్ళు.

డ్రిల్లు కాసేపు చూసింది. "పై నుంచి చూస్తే అద్భుతంగా ఉంది."

"థాంక్సండీ."

"నా పేషంట్లలో ఎగిరేవాళ్ళెవరూ లేరు."

పక్కన వాకర్ పట్టుకుని నిలబడ్డ కండక్టర్ తాత కిసుక్కున నవ్వాడు. జీవితమంతా బస్సులో నిలబడే గడిపిన ఆయనకి ఈ మధ్యే మోకాలు మార్చారు.

"ఏయ్ గొడుగూ," అన్నాడు తాత. ఆ పేరు అప్పటికే ఆస్పత్రి అంతా పాకింది. "ఆ గులకరాళ్ళ మీద నేనెలా నడవాలయ్యా? మళ్ళీ మోకాలు మార్పించుకోమంటావా?"

"కూర్చోండి," అంది డ్రిల్లు అతనితో.

"ఎక్కడ?"

ఆమె వీల్‌చెయిర్ చూపించింది. "ఇందులో. కాళ్ళు కింద పెట్టకూడదు. పెరడంతా మీరే తిప్పుకోవాలి."

మెట్టు దగ్గర ఒకసారి, కంకర దగ్గర ఒకసారి, వాలు దగ్గర ఒకసారి చక్రాలు మొరాయించాయి. వాలు దగ్గర కుర్చీ తనంతట తానే కిందికి పోతుంటే అతను అరిచాడు. డ్రిల్లు వెనక నుంచి ఒక్క చేత్తో ఆపింది.

"ఎలా ఉంది?"

"ఈ పెరడు నన్ను చంపడానికే పుట్టినట్టుంది."

"గుడ్. ఇప్పుడు గీయండి."

ఆ రోజు అతను ఫౌంటెన్ చెరిపేశాడు. మర్నాడు గులకరాళ్ళు చెరిపేశాడు. ఆ తర్వాత కండక్టర్ తాత పక్కన బెంచీ మీద కూర్చుని, ఆయన లేవడానికి పడే అవస్థ చూశాడు. పట్టుకుని లేవడానికి బెంచీకి చేతులే లేవు.

"మా బస్సులో సీటు పక్కన కడ్డీ ఉండేదయ్యా," అన్నాడు తాత. "పట్టుకోడానికేం లేకపోతే ముసలాడు కూర్చోడు. కూర్చుంటే లేస్తానో లేదోనని భయం."

అతను బెంచీలకి చేతులు గీశాడు. దారి వెడల్పు పెంచాడు, రెండు వీల్‌చెయిర్లు ఎదురుపడితే పక్కకి తప్పుకోవాల్సిన పని లేకుండా. మలుపు తిరిగిన ప్రతిచోటా ఊపిరి తీసుకోడానికి ఒక సీటు పెట్టాడు. ప్రతి మార్పూ ముందు డ్రిల్లుకే చూపించేవాడు. ఆమె ఎప్పుడూ ఏదో ఒకటి అనేది.

"ఈ చెట్టు ఎందుకిక్కడ?"

"అందం కోసం."

"ఎవరి అందం?"

"...చెట్టుది."

"దాన్ని కూర్చునే చోటికి జరపండి. నీడన్నా పడుతుంది. అందంగా కూడా ఉంటుంది, ఏడవకండి."

ఆమె తిట్టినరోజు ప్లాన్ బాగుపడేది. తిట్టని రోజు అతనికి తోచేది కాదు.

* * *

వాళ్ళ ఆఫీసుకి ఒక పద్ధతుంది. టెర్రస్ మీద చిన్న కెమెరా పెడతారు. అది గంటకోసారి కింద పెరటిని ఫొటో తీస్తుంది. అంత ఎత్తు నుంచి ముఖాలు తెలియవు, మనుషులు చీమల్లా కనిపిస్తారు. ఒక్కో మనిషికి ప్లాన్ మీద ఒక్కో చుక్క. ఎక్కడ చుక్కలు గుంపుగా పడితే అక్కడ జనానికి ఏదో నచ్చినట్టు. అదేమిటో కనిపెట్టి డిజైన్‌లో పెట్టాలి. ఒకే ఒక్క రూలు: సర్వే చేసేవాడు తనకి చుక్క పెట్టుకోకూడదు.

ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి వాన కురిసింది. పెరట్లో వాళ్ళంతా లోపలికి పరిగెత్తారు. డ్రిల్లు మాత్రం బయటికి పరిగెత్తుకొచ్చి అతని గొడుగు కింద దూరింది.

"లోపలికి వెళ్ళొచ్చుగా?" అన్నాడతను.

"గొడుగు దగ్గరగా ఉంది."

లోపలి గుమ్మం కూడా అంతే దగ్గరగా ఉంది. అతను ఆ మాట అనలేదు. గొడుగు ఆమె వైపు వంచాడు. అతని ఎడమ భుజం పూర్తిగా తడిసిపోయింది. ఆ భుజం గురించి అతనికి ఎలాంటి ఫిర్యాదూ లేదు.

"ఈ చుక్కలేంటి?"

"మనుషులు."

"నేనెక్కడ?"

"తెలీదు. ముఖాలు కనిపించవు."

"మరి మీరు?"

"నేనుండను. లెక్కపెట్టేవాడు లెక్కలోకి రాడు."

"పాపం," అందామె. నిజంగానే జాలిపడ్డట్టు అనిపించింది.

అతను ఉత్సాహంగా కాగితం ముందుకి జరిపాడు. "ఒకటి చూపిస్తాను, ఎవరికీ చెప్పకండి. ఈ మూల చూడండి, నేను కూర్చునే చోటికి వీపు వెనక, జనరేటర్ గది మెట్టు. నీడ లేదు, చప్పుడు, వేడి. అయినా రోజూ మధ్యాహ్నం అక్కడ ఒక చుక్క! తెల్ల కోటు. డాక్టర్లో నర్సులో వంతులవారీగా వచ్చి కూర్చుంటున్నారన్నమాట. ఎందుకో అర్థం కాక పిచ్చెక్కుతోంది."

డ్రిల్లుకి హఠాత్తుగా దగ్గొచ్చింది. చాలాసేపు దగ్గింది.

"గాలి వస్తుందేమో," అంది చివరికి, వాన వైపు చూస్తూ.

"గాలి!"

అతను గొడుగు వదిలేసినంత పని చేశాడు. "రెండు బిల్డింగుల సందు! గాలి అక్కడ సన్నబడి జోరుగా వస్తుంది! మీరు మామూలు మనిషి కాదండీ!"

"ఊరికే అన్నాను, వదిలేయండి."

"వదలడమా!"

మర్నాడు అతను జనరేటర్ గది తలుపుకి రిబ్బను కట్టాడు. అది రెండుసార్లు కదిలింది. అతనికి అది చాలు.

అదే వారంలో క్యాంటీన్ పొగ కొడుతోందని గొడుగు మకాం గేటు పక్కకి మార్చాడు. విచిత్రంగా చుక్క కూడా మారింది, మళ్ళీ అతని వీపు వెనకే, మోటారు షెడ్డు గట్టు మీదికి. అతను క్షణం కూడా తడబడలేదు. వాన తర్వాత గాలి దిశ మారిందని రాసుకుని, రెండు చోట్లా సిబ్బందికి సీట్లు గీసి, వాటికి 'గాలి మూలలు' అని పేరు పెట్టాడు. ప్లాన్‌లో గర్వంగా చెప్పుకోడానికి అంతకన్నా మంచిది లేదని అతని నమ్మకం.

రెండుసార్లు డ్రిల్లు ఏదో చెప్పబోయింది. రెండుసార్లూ అతను గాలి గురించే మాట్లాడాడు.

* * *

కమిటీ గదిలో సూపరింటెండెంట్, ఏవో గారు, ఇద్దరు డాక్టర్లు. వెనక వరసలో అతని ఆఫీసు సార్ చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఫిజియోథెరపీ తరఫున డ్రిల్లు వచ్చింది.

అతను ధాటిగా మాట్లాడాడు. దారులు, వాలు, చేతులున్న బెంచీలు, నీడ. డాక్టర్లు తలలూపారు. గాలి మూలల దగ్గరికి రాగానే ఏవో గారు చెయ్యెత్తారు.

"బాబూ, ఆ జనరేటర్ పక్కన నేనోసారి నిలబడ్డాను. చొక్కా పిండుకున్నాను. అక్కడ గాలా?"

"చుక్కలు అబద్ధం చెప్పవు సార్."

"చెప్పవా? మరి ఆ గాలి ఆదివారాలు ఎందుకు రాదు? సోమవారం నుంచి శనివారం దాకానే వీస్తుందా?"

ఎవరో నవ్వారు. అతను కాగితం చూశాడు. నిజమే. ఆదివారం అక్కడ చుక్క లేదు.

"ఈ రెండు చోట్ల లెక్క తప్పితే మిగతాదంతా నమ్మేదెలా?" అన్నారు ఏవో గారు. "బొమ్మలు బాగున్నాయి. పార్కింగ్ మాత్రం అవసరం. అంతే కదా మేడమ్?"

సూపరింటెండెంట్ పెన్ను చేతిలోకి తీసుకుంది.

"ఆ చుక్కలు నేను," అంది డ్రిల్లు.

అందరి తలలూ ఆమె వైపు తిరిగాయి.

"వంతులవారీగా ఎవరూ రాలేదు. అన్నీ నేనే. ఆదివారం నాకు సెలవు. అక్కడ గాలి లేదు, వేడికి కాళ్ళు కాలిపోయేవి. గాలి అని ఇతనికి చెప్పింది కూడా నేనే. తప్పించుకోడానికి చెప్పాను."

"మరి అక్కడెందుకు కూర్చున్నావు?" అంది సూపరింటెండెంట్.

డ్రిల్లు ముఖం కందిపోయింది. గొంతు మాత్రం తొణకలేదు.

"ఆ మెట్టు మీద కూర్చుంటే గొడుగు కింద ఇతను కనిపిస్తాడు. గొడుగు గేటు పక్కకి మారాక, మోటారు షెడ్డు నుంచి కనిపిస్తాడు."

ఏవో గారు ముందు తేరుకున్నారు. "చూశారా మేడమ్! మీ మేనకోడలు ఈ అబ్బాయిని చూడ్డానికి కూర్చున్న చోట మనం సీట్లు కట్టాలట! ఇప్పుడు మీరు దీనికి ఊ అంటే, ఊరంతా ఏమనుకుంటుంది?"

దెబ్బ సూటిగా తగిలింది. సూపరింటెండెంట్ పెన్ను మూత పెట్టేసింది.

అతను ప్లాన్ వైపు తిరిగాడు. పెన్సిలు తీసి, తను కూర్చున్న రెండు చోట్లా మొదటిసారి తనకి చుక్క పెట్టుకున్నాడు. ఒక్కో చోటు నుంచి ఆమె చుక్కకి గీత లాగాడు. మధ్యలో చెట్టు లేదు, గోడ లేదు. చూపుకి అడ్డం లేని రెండు తిన్నటి గీతలు.

"గాలి మూలలు తీసేస్తున్నాను," అన్నాడు. "నాది పెద్ద పొరపాటు. కానీ దీనివల్ల అసలు సంగతి తెలిసింది. ఎండైనా చప్పుడైనా, మనిషి మనిషి కనిపించే చోటే కూర్చుంటాడు. నేను బెంచీలన్నీ పూలమొక్కల వైపు తిప్పాను. అది తప్పు. దారి వైపు, వార్డు గుమ్మం వైపు తిప్పాలి. వచ్చేపోయే వాళ్ళు కనిపించాలి."

"మళ్ళీ ఇంకో సిద్ధాంతమా!" అన్నారు ఏవో గారు.

"నా మాట నమ్మొద్దు సార్. రేపు పొద్దున క్యాంటీన్ కుర్చీలు పెరటి గుమ్మం దగ్గర కుప్పగా పెడదాం. ఎక్కడ వేసుకోవాలో ఎవరికీ చెప్పొద్దు. ఎవరూ రాకపోతే పార్కింగ్ కట్టేయండి, నేనే ముగ్గు పోస్తాను."

వెనక వరసలో సార్ కట్టుకున్న చేతులు విప్పాడు.

సూపరింటెండెంట్ ఆలోచించింది. "సరే. ఒక షరతు. మీరిద్దరూ పెరట్లో కాలు పెట్టకూడదు. నా గదిలో, నా పక్కన నిలబడాలి. ఈ పక్క ఒకరు, ఆ పక్క ఒకరు."

బయట కారిడార్‌లో అతను ఆమెని అందుకున్నాడు.

"ఫోన్ సిగ్నల్ కోసమని చెప్పేయొచ్చుగా? ఎవరూ అడిగేవాళ్ళు కాదు."

"తర్వాత మీరు అక్కడ సీటు కట్టేవాళ్ళు. దాని మీద ఒక్కడు కూడా కూర్చునేవాడు కాదు. మీ మొదటి పనికి అలా కావడం నాకిష్టం లేదు."

"మరి... మీరు చెప్పిన కారణం?"

"పేషంటు ఎదురుచూస్తున్నారు," అని ఆమె దాదాపు పరిగెత్తింది.

* * *

మర్నాడు పొద్దున సూపరింటెండెంట్ గది కిటికీ దగ్గర ముగ్గురు నిలబడ్డారు. మధ్యలో అత్తయ్య, కొండలాగా. ఎదురు మేడ వరండాలో ఏవో గారు.

కింద కుర్చీల కుప్ప. ఖాళీ పెరడు. గడియారం నడుస్తోంది. ఎవరూ రాలేదు.

"ఏవో గారు నవ్వుతున్నారు," అంది డ్రిల్లు, అత్తయ్య ముందు నుంచి తల వంచి.

"నవ్వనివ్వండి," అన్నాడతను, అత్తయ్య వెనక నుంచి తల వంచి.

"తలలు లోపల," అంది అత్తయ్య.

గుమ్మంలో వాకర్ కనిపించింది. దాని వెనక కండక్టర్ తాత. కుర్చీ లాగబోయాడు, కదల్లేదు. ఎవరో పేషంటు తాలూకుగా వచ్చి మెట్ల మీద కూర్చున్న ఒకావిడని పిలిచాడు. "అమ్మా, ఓ చెయ్యి వెయ్యి. అక్కడ కాదు, అక్కడ మొక్కలు తప్ప ఏముంది? దారి పక్కన. హా! వచ్చేవాళ్ళు కనిపించాలి. ఇంకోటి లాగు, నువ్వూ కూర్చో."

ఆవిడ కూర్చుంది. ఎవరి కోసం వచ్చిందో తాత అడిగినట్టున్నాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ చెప్పడం మొదలుపెట్టింది. ఇంకో ఇద్దరు వచ్చారు. కట్టుతో ఉన్న కుర్రాడు కుర్చీని గుమ్మం వైపు తిప్పుకున్నాడు. నర్సు ఒకామె వీల్‌చెయిర్ తోసుకొచ్చి వాళ్ళ మధ్యలో ఆపింది. చూస్తుండగానే కుర్చీల కుప్ప కరిగిపోయింది. జనరేటర్ వైపు ఒక్క కుర్చీ కూడా పోలేదు.

"ఏవో గారు కిందికి వెళ్ళారు," అంది డ్రిల్లు. ఈసారి గొంతులో భయముంది.

ఏవో గారు పెరట్లోకి వచ్చి, తప్పులు పట్టే చూపుతో అటూ ఇటూ తిరిగారు. ఫోన్ మోగింది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చున్నారు. ఫోన్ అయిపోయింది. ఆయన లేవలేదు. తాత ఏదో అంటే నవ్వారు కూడా.

సరిగ్గా అప్పుడు గేటులోంచి ఒక కారు పెరట్లోకి దూరి హారన్ కొట్టింది. ఏవో గారు చివాల్న లేచి, రెండు చేతులూ అడ్డంగా చాపారు.

"వెనక్కి! వెనక్కి పోనీయవయ్యా! కనపడట్లేదా, ఇక్కడ మనుషులున్నారు!"

అరిచిన తర్వాత తను ఏమన్నారో ఆయనకే తెలిసొచ్చింది. చాపిన చేతులు దించకుండానే మెల్లగా తలెత్తి కిటికీ వైపు చూశారు.

సూపరింటెండెంట్ ఆయనకి నమస్కారం పెట్టింది. "తీర్మానం ఏవో గారే చేసేశారు. నా మీద ఎవరూ వేలెత్తి చూపించడానికి లేదు." అతని వైపు తిరిగింది. "పెరడు నీదయ్యా. సోమవారం పని మొదలుపెట్టు."

ఇద్దరూ అత్తయ్య వెనక నుంచి తలలు వంచి ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు.

"షరతు అయిపోయింది," అంది అత్తయ్య. "నా మెడ నొప్పి పుట్టేలోగా ఇద్దరూ కిందికి పొండి."

ఇద్దరూ పెరట్లో అడుగు పెట్టేసరికి కండక్టర్ తాత రెండు కుర్చీలు ఖాళీ చేయించి పెట్టాడు. అతను కూర్చోలేదు. నిన్నటి నుంచి గొంతులో ఉన్న మాట ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో వెతుక్కుంటున్నాడు.

పై నుంచి కేక వినిపించింది.

"ఏమయ్యా! మా ఇంటి ముందు కూడా కాస్త ఖాళీ స్థలముంది. ఆదివారం వచ్చి చూడు. వచ్చేప్పుడు మీ అమ్మగారిని తీసుకురా."

"స్థలం చూడ్డానికి అమ్మెందుకు మేడమ్?"

"స్థలానికి నువ్వు చాలు. మిగతాది మాట్లాడ్డానికి ఆవిడ రావాలి. ఇంకోటి, ఇకమీదట నన్ను మేడమ్ అనకు."

పెరడంతా నవ్వింది. డ్రిల్లు రెండు చేతులతో ముఖం కప్పుకుని, వేళ్ళ సందులోంచి కిటికీ వైపు అరిచింది.

"అత్తయ్యా! ఇతను ఇంకా నన్ను అడగనే లేదు!"

నవ్వులు ఆగిపోయాయి. కట్టుతో ఉన్న కుర్రాడు కుర్చీ వీళ్ళ వైపు తిప్పుకున్నాడు. మిగతావాళ్ళూ తిప్పుకున్నారు. ఏవో గారు కూడా.

అతను అడిగాడు, పెరటి చివరి దాకా వినిపించేంత గట్టిగా.

ఆమె దగ్గరికి వచ్చి, జవాబు మాత్రం అతని ఒక్కడికే వినిపించేలా చెప్పింది.